పనికొస్తుంది

మా అత్తయ్య ఒప్పుకోనిదే మా ఆయన ఆటలో ఒక్క మాట కూడా గడప దాటేది కాదు. ముందు ఆ సంగతి చెప్పకపోతే తర్వాత జరిగినదేదీ మీకు అర్థం కాదు.

మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. ఉద్యోగాలకి అర్జీలు పంపి పంపి విసుగెత్తి, ఒకరోజు గడ్డం గీసుకుంటూ సగంలో ఆగి, "నేనే ఒక ఆట చేస్తాను" అన్నాడు. ఆట అంటే ఫోన్లో తెరిచి ఆడుకునే మాటల ఆట. దాచిన మాట ఒకటి ఉంటుంది. ఆరు ప్రయత్నాల్లో దాన్ని పట్టుకోవాలి. మనం కొట్టిన అక్షరం సరైన గడిలో పడితే ఆ గడి పచ్చగా మారుతుంది. అక్షరం ఉండి గడి తప్పితే పసుపు రంగు వస్తుంది. రోజుకి ఒక్క మాటే. ఇందులో ఆయన బుర్రలో పుట్టిందేమీ లేదు. రంగులు ఒకరి ఆటలోవి, రోజుకి ఒక్కటే అన్న నియమం ఇంకొకరిది, చిక్కుకుపోయినవాళ్ళకి కింద చిన్న ఆధారం ఇవ్వడం మూడోవాళ్ళది.

"కాపీ కొట్టారంటారేమోనండీ" అన్నాను.

"కాపీ కాదోయ్, స్ఫూర్తి."

"మరి మీ సొంతం ఏముంది అందులో?"

కాస్త ఆలోచించి, "అమ్మ ఉంది" అన్నాడు. నేను నవ్వేశాను. ఆయన మాత్రం నవ్వలేదు.

అత్తయ్య బతుకంతా ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. ఉద్యోగం మానేసినా ఎర్ర పెన్ను మానలేదు. మందుల సీసాతో వచ్చే కాగితం, కరెంటు బిల్లు వెనకాల ఉండే సూచనలు, దేన్నీ వదిలేది కాదు. నేను మా ముందు గదిలో కుట్టుపని చేస్తాను. తలుపు మీద 'అర్జెంటు కుట్లు వేయబడును' అని అట్టముక్క తగిలించుకుంటే, మర్నాటికి దాని మీద ఎర్రగీత పడింది. "వేయబడును ఏంటే? ఎవరు వేస్తారో చెప్పడానికి సిగ్గా? వేస్తాను అని రాయి, నీ పనే కదా" అంది. ఒళ్ళు మండిపోయింది. కానీ మార్చి రాశాను, ఆవిడ చెప్పిందే బాగుంది మరి.

నాకూ ఆవిడకీ క్షణం పడేది కాదు. కిటికీ తెరిస్తే దుమ్మంటుంది, మూస్తే ఉక్కంటుంది. నేను వండింది మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తీర్పు వచ్చేసేది, ఉప్పు ఎక్కువనో తక్కువనో. సరిపోయింది అన్న పాపాన ఎన్నడూ పోలేదు. నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు, మాటకి మాట అప్పజెప్పేదాన్ని. ఇద్దరం అరుచుకుంటుంటే మా ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆట కట్టుకునేవాడు.

పద్ధతి ఇలా ఉండేది. పొద్దున టీ తాగాక అత్తయ్య కిటికీ పక్కన పేము కుర్చీలో కూర్చుంటుంది. మా ఆయన మర్నాటి మాటని ఆటలో దాచి ఫోన్ చేతికిస్తాడు. ఆ కాసేపూ నా మిషను కూడా తిరక్కూడదు. ఆవిడకి రెండో ప్రయత్నంలోనే దొరికిపోతే "చెత్త" అనేది. ఆరుకీ దొరక్కపోతే "ఇది మనుషులు మాట్లాడే మాటేనా?" అని ఫోన్ తిరిగి ఇచ్చేసేది. మూడులోనో నాలుగులోనో దొరికితే ఫోన్ని బల్ల మీద బోర్లా పెట్టి "పనికొస్తుంది" అనేది. ఆ తర్వాతే అది మర్నాటి ఆట అయ్యేది. మా ఆయన దీనికి 'అమ్మ కొలత' అని పేరు పెట్టుకున్నాడు. ఎక్కడెక్కడి కంపెనీలూ లక్షలు పోసి చేయించుకునే పరీక్ష తనకి పేము కుర్చీలో ఊరికే దొరుకుతోందని గొప్పలు పోయేవాడు.

దొరికిన మాటకి ఆధారం కూడా ఆవిడే చెప్పేది. తాళం అన్న మాటకి 'దొంగకి అడ్డురాదు, ఇంటివాడికి గుర్తురాదు' అంది. ఇస్త్రీ అన్న మాటకి 'మా కోడలికి రానిది' అంది. ఆయన అది నిజంగానే పెట్టేశాడు! నేను రెండు పూటలు ఇద్దరితోనూ మాట్లాడలేదు. ఆడేవాళ్ళకి మాత్రం అది తెగ నచ్చింది. కొద్దిమందే ఉండేవాళ్ళు, కానీ గట్టివాళ్ళు. మాట కష్టంగా ఉంటే తిడుతూ ఉత్తరాలు రాసేవాళ్ళు, మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు. కింద ఒక ప్రకటనల పట్టీ పెట్టాడు. దాని మీద వచ్చేది ఆయన టీ పొడికి చాలేది. ఇల్లు నా మిషను మీదే నడిచేది.

అలా ఉండగా ఒకరోజు దారపు రీలు దొర్లి కత్తిరింపుల బల్ల కిందికి పోయింది. అత్తయ్య వంగి తీసి లేస్తూ, నేను తెరిచి ఉంచిన అల్మారా తలుపుకి తల కొట్టుకుంది. ఠప్పుమని చప్పుడైంది. బొప్పి కట్టింది. నేను మంచుముక్కలు గుడ్డలో చుట్టి పెట్టాను.

"నీ అల్మారా నన్ను చంపడానికే పెట్టుకున్నావే" అంది.

"మీ తలకి ఏమీ కాదు లెండి, పాపం అల్మారా తలుపే వంగింది" అన్నాను.

ఆవిడ కూడా నవ్వేసింది. బొప్పి తగ్గిపోయింది. ఇంట్లో అందరం దాన్ని మర్చిపోయాం.

కొన్ని వారాలు గడిచాయి. మొదట ఆవిడకి మాటలు ఐదులో, ఆరులో దొరకడం మొదలైంది. తర్వాత దొరకడమే మానేశాయి. ఆనవాలు అన్న మాట దొరకలేదు. తాకట్టు అన్నదీ దొరకలేదు. అచ్చాఫీసులో అలాంటి మాటల్ని వేలకి వేలు దిద్దిన మనిషి! ఆయన తల గోక్కున్నాడు. "నాదే తప్పు. పొగరుకొద్దీ కష్టమైన మాటలు వెతుకుతున్నాను. అమ్మకే దొరకనివి జనానికేం దొరుకుతాయి?" అన్నాడు. మాటలు తేలిక చేశాడు. మళ్ళీ నాలుగులో దొరికింది. ఇంకో వారానికి అవీ దొరకలేదు. ఇంకా తేలిక చేశాడు. అలా దిగుతూ దిగుతూ గొడుగు, పలక, చీమ దాకా వచ్చాడు.

ఆట ఒక్కసారిగా లేచింది. స్కూలు పిల్లలు, బస్సుల్లో వెళ్ళేవాళ్ళు, పెద్దగా చదువుకోనివాళ్ళు, అందరూ ఆడడం మొదలుపెట్టారు. నా దగ్గరికి జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆవిడ కూడా చేతులు పైకెత్తి నిలబడే ఇవాళ్టి మాట గురించి చెప్పింది. ప్రకటనలు తెచ్చిపెట్టే ఆయన ఒకడు రోజూ ఫోన్ చేసేవాడు. మేం యాడ్లాయన అనేవాళ్ళం.

"ఏం మంత్రం వేశారు సార్?" అనేవాడు స్పీకర్లో. "అందరూ గెలుస్తున్నారు. గెలిచినవాడు పదిమందికి చూపించుకుంటాడు. ఓడినవాడు మూసేసి పోతాడు. ఇంకాస్త తగ్గించినా పర్లేదు సార్!"

గెలవగానే తెర నిండా ప్రకటన వచ్చేలా పెట్టాడు మా ఆయన. అది వద్దనుకునేవాళ్ళు నెలకింత కట్టాలి. డబ్బు రావడం మొదలైంది. ఇంటికి కొత్త ఫ్యాను వచ్చింది, అత్తయ్యకి మెత్తని దిండ్లున్న కుర్చీ వచ్చింది. "అంతా అమ్మ చెయ్యి" అని మురిసిపోయేవాడు. అమ్మ చెయ్యి మాత్రం అప్పటికే ఎర్ర పెన్ను సరిగ్గా పట్టుకోవడం లేదు.

అప్పుడప్పుడూ తలనొప్పి అనేది. కత్తెర అడగబోయి "అది... ఆ అది ఇవ్వవే" అని చెయ్యి చాపేది. నడుస్తుంటే కుడికాలి చెప్పు వెనకాలే ఉండిపోయేది, ఆవిడకి తెలిసేది కాదు. అన్నిటికన్నా పెద్ద సంగతి, నన్ను తిట్టడం మానేసింది. కిటికీ తీసినా, మూసినా ఊరుకుంది. మొదట్లో హమ్మయ్య అనుకున్నాను, అబద్ధమెందుకు? తర్వాత ఒక పూట కూరలో కారం ఎక్కువై నాకే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆవిడ మాట్లాడకుండా తినేసి చెయ్యి కడుక్కుంది.

వెంటనే ఆయన దగ్గరికి వెళ్ళాను. "ఏమండీ, అత్తయ్యకేదో అవుతోంది. డాక్టరుకి చూపిద్దాం."

"ఏమైంది?"

"నన్ను తిట్టట్లేదు."

పగలబడి నవ్వాడు. "అదో జబ్బా?" అన్నాడు. నేను చెప్పు సంగతి చెప్పాను, కత్తెర సంగతి చెప్పాను. కాస్త విసుక్కుని కంప్యూటరు నా వైపు తిప్పాడు. తెర మీద గీతలు. "ఇదిగో చూడు, ఇది అమ్మది. నిన్న నాలుగు. మొన్న నాలుగు. అంతకుముందు మూడు. ఎప్పుడూ ఎలా ఆడుతుందో అలాగే ఆడుతోంది. బుర్ర తేడా చేస్తే ఇలా ఉంటుందా?"

"మిగతావాళ్ళకి ఎన్నిట్లో వస్తోంది?"

"వాళ్ళకి రెండులో వచ్చేస్తోంది. అందుకేగా జనం ఇంత పెరిగింది!"

ఆ మాట ఆయన నోటితోనే అన్నాడు. ఆయన చెవికి ఎక్కలేదు. నాక్కూడా ఏదో లీలగా తట్టి జారిపోయింది. బట్ట టేపు పాతబడితే సాగుతుందని, దాంతో కొలిస్తే అన్నీ తప్పుతాయని తెలిసినదాన్నే. నా టేపు మారుస్తూ ఉంటాను కూడా. అయినా ఆ గీతల్ని అక్కడే వదిలేసి లేచాను. సరాసరి అత్తయ్యనే అడిగాను.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి."

"నాకేం రోగం?" అంది. వెనకటిలా కసురుతూ కాదు, మెల్లగా. తర్వాత అటూ ఇటూ చూసి నా చెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు. "వాడికి చెప్పకు. నావల్లే కదా వాడి పని నడుస్తోంది. నేను ఆడలేనంటే వాడేం చేస్తాడు?"

అంటే ఆవిడకి తెలుసు. తెలిసి, భయపడి, కొడుకు కోసం ఆ ఫోన్ పట్టుకుని కూర్చుంటోంది. నేను మళ్ళీ ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. ఈ వారం యాడ్లాయన మనుషులు వస్తున్నారని, వచ్చేవారం తప్పకుండా తీసుకెళ్దామని అన్నాడు.

ఆ వచ్చేవారం మాకు రాలేదు. ఒక పొద్దున దాచిన మాట మేక. రెండే గళ్ళు. అత్తయ్య ఒకే అక్షరాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది. అది తప్పని ఆట చెబుతోంది, ఆవిడ నొక్కుతూనే ఉంది. ఆరు వరసలూ అదే అక్షరం. "అమ్మా, ఇంకోటి నొక్కు" అన్నాడు మా ఆయన. ఫోన్ ఆవిడ కుడిచేతిలోంచి ఒళ్ళోకి, ఒళ్ళోంచి నేల మీదికి జారింది. మూతి ఒక పక్కకి లాగేసింది. కొత్త కుర్చీలో మనిషి కొయ్యలా బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను పెట్టిన కేకకి వీధిలోవాళ్ళు లోపలికి వచ్చేశారు.

ఆస్పత్రిలో తల స్కాను తీశారు. డాక్టరమ్మ చిన్న వయసుది, కళ్ళ కింద నిద్రలేని చారలు. తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. అల్మారా సంగతి చెప్పాను. తల ఊపింది. ఈ వయసులో అంత చిన్న దెబ్బకే లోపల రక్తం చుక్కలు చుక్కలుగా ఊరుతుందని, వారాల తరబడి పేరుకుని మెదడుని ఒత్తుతుందని చెప్పింది.

"మాట తడబడడం, కుడి పక్క బలం తగ్గడం ఎప్పట్నుంచి గమనించారు?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఫోన్ తీశాడు. కంగారులో ఏదో సాయం చేస్తున్నానని అనుకున్నాడు పాపం. గీతలు తెరిచి ఆవిడకి చూపించాడు. "ఇక్కడ్నుంచి డాక్టర్. ఇది అమ్మ, ఇది మిగతా అందరూ. ఇదివరకు అందరికన్నా అమ్మే ముందుండేది. ఇక్కడ సమానమైంది. ఇక్కడ్నుంచి అందరికీ రెండు, అమ్మకి నాలుగు. ఇక్కడ అయితే చిన్నపిల్లలకి కూడా..."

అక్కడ ఆగిపోయాడు. వేలు తెర మీదే ఉంది.

డాక్టరమ్మ ఆ గీతల్ని చాలాసేపు చూసింది. "ఇంత స్పష్టంగా ఎవరూ తేలేదు నా దగ్గరికి" అంది. "ఇదిగో, ఇక్కడ తీసుకొచ్చుంటే చిన్న రంధ్రం వేసి రక్తం తీసేసేవాళ్ళం. వారంలో ఇంటికి వెళ్ళిపోయేవారు. అప్పుడెందుకు తీసుకురాలేదు?"

మా ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఆ మనిషిని అక్కడికక్కడే చీల్చి చెండాడాలని ఉంది నాకు. కానీ బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా అరచేతులు చూసుకుంటుంటే ఎక్కడ కొట్టాలో తెలియలేదు.

ఆపరేషన్ చేశారు. బతికింది. కుడిచెయ్యి రాలేదు, నడక రాలేదు, మాట పోయింది. పోయిందంటే పూర్తిగా పోలేదు. ఒక్క మాట మిగిలింది. కళ్ళు తెరిచిన రెండోనాడు నర్సు సూది గుచ్చి "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగితే, మా అత్తయ్య స్పష్టంగా, ప్రతి అక్షరమూ దిద్దినట్టుగా "పనికొస్తుంది" అంది.

ఇంటికి తెచ్చుకున్నాం. ఆకలిగా ఉందా అంటే పనికొస్తుంది. పక్క తడిసిందా అంటే పనికొస్తుంది. నీళ్ళు పోస్తూ వేడి చూసుకోక ఒకసారి ఒళ్ళు ఎర్రబడేలా పోసేశాను. ఉలిక్కిపడి, నా మొహం చూసి, అప్పుడూ అదే మాట. నేను స్నానాల గదిలో నేల మీద కూలబడి ఏడ్చాను.

పరీక్షకి తీసుకెళ్ళినప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఆవిడ విసుక్కుంటే, వద్దని తోసేస్తే నాకు చెప్పండి. లోపల మనిషి తిరిగి వస్తోందనడానికి అదే మొదటి గుర్తు. ఈ ఒకటి రెండు నెలల్లో రావాలి. అప్పటికీ అన్నిటికీ సరే అంటుంటే..." అని ఆపేసింది. నాకు ఆ మిగతాది అక్కర్లేదు. ఆ రోజు నుంచి నేను ఎదురుచూస్తున్నది ఒక్క తిట్టు కోసం.

ఆటని మూసెయ్యమని అరిచాను. "మూసేస్తే మందులకీ, వ్యాయామం చేయించే మనిషికీ ఎక్కడ్నుంచి తేను? నీ మిషను మీద వస్తుందా?" అని ఎదురు అరిచాడు. రాదు, నిజమే. ఆట ఇదివరకటికన్నా బాగా నడుస్తోంది. అక్కడితో ఆగినా బాగుండేది. రోజూ పొద్దున ఆ ఫోన్ని ఆవిడ ముందు పట్టుకుంటాడు. ఆవిడ ఎడమచేత్తో దాన్ని తడిమి "పనికొస్తుంది" అంటుంది. అప్పుడు గానీ మర్నాటి మాట బయటికి వదలడు.

"సిగ్గు లేదా మీకు?" అన్నాను ఒకరోజు. "దేన్ని చూపించినా అదే అంటుంది. గోడని చూపించినా అదే అంటుంది!"

"నాకు తెలీదా?" అన్నాడు. "చూపించడం మానేస్తే ఇక అమ్మ లేనట్టేగా."

డాక్టరమ్మ చెప్పిన గడువు దగ్గరపడింది. ఇక నేను ఆగలేకపోయాను. నిన్న పొద్దున కూరగాయలు మెత్తగా ఉడికించి సూపు చేశాను. అందులో గుప్పెడు ఉప్పు వేశాను. నాలుక చివర తగిలించి చూసుకుంటే నాకే డోకు వచ్చింది. గిన్నె పట్టుకెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. పక్క గదిలో ఆయన, బల్ల మీద ఫోన్‌లో ఆవిడ మాట కోసం ఆగిన మర్నాటి ఆట, మామూలే.

మొదటి చెంచా పెట్టాను. నా కళ్ళు ఆవిడ నొసటి మీదే ఉన్నాయి. తీర్పు చెప్పేముందు అక్కడ ఒక గీత పడేది, పెన్నుతో గీసినట్టు. ఆవిడ మింగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొంతు రెండుసార్లు కదిలింది. గీత పడలేదు.

"ఉప్పు చూడండి అత్తయ్యా" అన్నాను. "ఎంతుందో చూడండి. తిట్టండి నన్ను. ఇది చెత్త కదూ? చెత్త అనండి. ఒక్కసారి అనండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

నా వైపు చూసింది. నేనెందుకు ఏడుస్తున్నానో తెలియక బెదిరిపోయింది. నన్ను ఎలా ఊరుకోబెట్టాలా అని వెతుక్కుంటున్నట్టు పెదాలు కదిపింది. తర్వాత రెండో చెంచా కోసం తనే నోరు తెరిచింది. నేను కదల్లేదు. ఎడమచెయ్యి చాపి, నా చేతిలోని చెంచాని తనే నోటి దగ్గరికి లాక్కుని, మింగి, నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

"పనికొస్తుంది."

పక్క గదిలోంచి మా ఆయన "సరే అమ్మా" అన్నాడు. మర్నాటి మాట బయటికి వదిలేశాడు.